ఆయనకు ముప్ఫై ఎనిమిది, ఆమెకు ఇరవై నాలుగు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో వయసు తేడా మీద ఒక విచిత్రమైన లెక్క నడుస్తుంది. అక్క కూతుర్ని పన్నెండేళ్ళు పెద్దయిన మేనమామకు ఇస్తే "మనవాడే కదా, ఎత్తుకుని పెంచిన పిల్ల, బాగా చూసుకుంటాడు" అని మురిసిపోతారు. అదే పిల్ల తొమ్మిదేళ్ళు పెద్దవాణ్ణి ఇష్టపడ్డానంటే "ఆ ముసలాడేటే నీకు!" అని ఇల్లంతా గొల్లుమంటుంది. ఎదురింటి ఒడియావాళ్ళకు ఇదంతా తలకిందులుగా కనిపిస్తుంది. వాళ్ళలో మేనమామ తండ్రితో సమానం, ఆ పెళ్ళి మాట వింటేనే చెవులు మూసుకుంటారు. చట్టం కూడా ఈ రెండు ఇళ్ళ మధ్యే నిలబడింది: 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ–మేనకోడలి పెళ్ళిని నిషేధిస్తూనే, ఇరుపక్షాల ఆచారం ఒప్పుకుంటే చెల్లుతుందని మినహాయింపు ఇచ్చింది.

అంటే మనవాళ్ళ గొడవ ఏళ్ళ గురించి కాదు. పెద్దవాడైన ఆ మనిషి మనకు తెలుసా, రేపు తేడా వస్తే వాణ్ణి నిలదీసే దారి మనకు ఉందా అన్నదే వాళ్ళ అసలు ప్రశ్న. నిజానికి మంచి ప్రశ్నే. కాకపోతే దాన్ని నేరుగా అడగరు, వయసు పేరు పెట్టి అరుస్తారు. ప్రేమలో ఉన్న అమ్మాయి కూడా వయసు గురించే జవాబు చెబుతుంది: "ప్రేమకు వయసుతో పనేంటి?" అక్కడితో మాట తెగిపోతుంది. నేననేదల్లా ఒకటే. వయసు తేడా అనే ఒక్క అంకె కింద నాలుగైదు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి ఒక్కొక్కటిగా చూస్తే కొన్ని భయాలు పసలేనివని, కొన్ని మనం అసలు భయపడని చోట ఉన్నాయని తెలుస్తుంది.

ముందు పెద్దల భయం. అది గాల్లోంచి పుట్టలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం, విశాఖపట్నం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో పక్కపక్క జిల్లాలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లనిచ్చిన పెళ్ళిళ్ళ జాబితా రాయించాడు. మూడేళ్ళ కాలానికి 1034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు, అంతకంటే చిన్నవాళ్ళూ ఉన్నారు. డబ్బు పోసి కొనుక్కునేవాడు సాధారణంగా ఏ వయసువాడో వేరే చెప్పక్కర్లేదు. వాడు పోతే పిల్లకు పదేళ్ళకో పన్నెండేళ్ళకో వైధవ్యం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాల్సి రావడం వెనక ఈ వయసు తేడా కూడా ఉంది. మన ముత్తవ్వలు ఆ ఇళ్ళలోంచే వచ్చారు. అందుకే పెద్దవాడనగానే మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ముందు కొనుగోలు, ఆ వెంటనే వైధవ్యం గుర్తొస్తాయి.

ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి తనంతట తాను ఎంచుకోవడం దానికి పూర్తిగా వేరు. కానీ ఆ పాత భయంలో రెండో సగం, అంటే ఒకరు ముందు పోతే మిగిలినవాళ్ళ సంగతేంటన్నది, ఇప్పటికీ చెల్లుతుంది. దాని దగ్గరకు మళ్ళీ వస్తాను.

పరిశోధనలు ఏమంటాయని అడిగేవాళ్ళకు రెండు చెబుతాను. ఆస్ట్రేలియాలో కొన్ని వేల కుటుంబాలను ఏళ్ళ తరబడి వెంట ఉండి అడిగిన వివరాలతో 2018లో ఒక అధ్యయనం వచ్చింది. తమకంటే చిన్నవాళ్ళను చేసుకున్నవాళ్ళు, ఆడయినా మగయినా, మొదట్లో ఎక్కువ తృప్తిగా ఉన్నారు. కానీ తేడా ఎక్కువున్న జంటల్లో ఆ తృప్తి త్వరగా కరిగింది. ఆరు నుంచి పదేళ్ళలో మొదటి లాభం అంతా పోయింది. ఉద్యోగం పోవడం లాంటి డబ్బు దెబ్బ తగిలినప్పుడు ఈడూజోడూ అయినవాళ్ళు తట్టుకున్నంతగా వీళ్ళు తట్టుకోలేకపోయారు. రెండోది 2010 నాటి డెన్మార్క్ లెక్క: ఏడు నుంచి తొమ్మిదేళ్ళు చిన్నదైన భార్య ఉన్న మగవాళ్ళ మరణాల రేటు, సమవయసు భార్య ఉన్నవాళ్ళకంటే 11 శాతం తక్కువ. ఆడవాళ్ళకు మాత్రం భర్త పెద్దయినా చిన్నయినా లాభం కనిపించలేదు, సమవయసే మేలని తేలింది. తేడా వల్ల కలిసొచ్చేది ఎవరికో ఆ లెక్క చూస్తే అర్థమవుతుంది. అయితే ఆరోగ్యంగా, డబ్బుతో ఉన్నవాడికే చిన్న భార్య దొరుకుతుందేమో, కారణం అదే కావచ్చు కూడా. డెన్మార్క్ లెక్కను గోపాల్‌పూర్ బీచ్‌లో కూర్చున్న జంటకు అతికించక్కర్లేదు. "నీ వయసులో సగానికి ఏడు కలుపు, అంతకంటే చిన్నవాళ్ళ జోలికి పోకు" అనే ఇంటర్నెట్ సూత్రం సంగతి సరేసరి. ముప్ఫై ఎనిమిదేళ్ళాయనకు అది ఇరవై ఆరు చూపిస్తుంది. రెండేళ్ళు ఆగితే సరిపోతుందా అంటే, అప్పటికి ఆయనకు నలభై, సూత్రం ఇరవై ఏడుకు జరుగుతుంది. నవ్వుకోవడానికి బాగుంటుంది.

అసలు విషయం పెత్తనం. ఒక జంటను ఊహించుకుందాం. ఆమె శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి బరంపురం వచ్చి ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది, హాస్టల్లో ఉంటోంది. ఆయన బరంపురంలోనే పుట్టి పెరిగాడు. సొంత కొట్టు, కారు, ఊరంతా పరిచయాలు, ఒడియా తెలుగు రెండూ గడగడా మాట్లాడతాడు. ఇక్కడ పద్నాలుగేళ్ళ తేడా అంటే పద్నాలుగు పుట్టినరోజులు మాత్రమే కాదు. ఇల్లు ఆయనది, బండి ఆయనది, ఊరు ఆయనది, భాష కూడా ఆయనదే. గొడవపడి రాత్రి తొమ్మిదింటికి బయటికి రావాలంటే ఆమె ఎక్కడికి వెళ్తుంది? ఆయనకు ఇరవై ఆరేళ్ళే ఉన్నా ఈ ప్రశ్న ఉంటుంది. పద్నాలుగేళ్ళ తేడా దాన్ని మరింత బరువు చేస్తుంది. అదే అమ్మాయి జీతం తన ఖాతాలోనే పడుతూ, తన గది తనకు ఉంటూ, బరంపురంలో తనకంటూ ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే ఆ పద్నాలుగేళ్ళ బరువు సగం దిగిపోతుంది.

కాబట్టి చూడాల్సినవి చిన్న చిన్న సంగతులు. ఆయన మాటకు కాదంటే ఏం జరుగుతుంది? అలిగి రెండు రోజులు ఊరుకోవడం వేరు, "నీకోసం ఇంత ఖర్చు పెట్టాను" అని లెక్క తీయడం వేరు. ఆయన స్నేహితులకు మీ సంగతి తెలుసా? ఏడాది గడిచినా కొట్లో పనిచేసే కుర్రాడికి తప్ప ఎవరికీ తెలియదంటే, దాన్ని పరువు కోసం జాగ్రత్త అనుకోకండి. మీ ఈడువాళ్ళతో తిరిగితే చిరాకు పడుతున్నాడా? "నువ్వు నీ వయసు పిల్లల్లా కాదు, చాలా మెచ్యూర్" అనే పొగడ్త చాలామంది అమ్మాయిలకు తీయగా తగులుతుంది. అంతకుముందు కూడా ఆయన ఎంచుకున్నవాళ్ళు వరసగా ఇరవై రెండూ ఇరవై మూడేళ్ళవాళ్ళే అయితే, ఆయనకు కావలసింది మీ మెచ్యూరిటీ కాదేమో ఆలోచించాలి.

సరిహద్దులో ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆంధ్ర వైపు నుంచి వచ్చిన చాలామందికి ఒడియా అర్థమవుతుంది, వచ్చీరాని మాటలతో బజారు పని గడిచిపోతుంది, కానీ లిపి చదవడం రాదు. అద్దె ఒప్పందం, స్టాంపు కాగితం, నోటరీ అఫిడవిట్, అప్పు పత్రం ఒడియాలో ఉంటే ఆయన వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేస్తారు. ప్రేమ మీద ఎంత నమ్మకమున్నా, ఆ లిపి చదవగలిగిన మూడో మనిషి చూడకుండా సంతకం పెట్టకూడదు. పక్క వార్డులో ఒడియా నర్సు ఉంటుంది, ఆమెకు చూపించడానికి పది నిమిషాలు చాలు.

ఇద్దరి మధ్య ముందే ఎక్కువ తక్కువలు ఉన్న సంబంధాలు మరీ తీవ్రం. కోచింగ్ సెంటర్ మాస్టారు, కాలేజీ లెక్చరర్, ఆసుపత్రిలో పెద్ద డాక్టరు, షోరూమ్ మేనేజర్. పద్దెనిమిది నిండకపోతే చర్చే లేదు: 2012 నాటి పోక్సో చట్టం కింద మైనర్ ఒప్పుకుందన్న మాట పనికిరాదు. విద్యాసంస్థ సిబ్బందే అలా చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రంగా చూస్తుంది. "పదహారేళ్ళప్పుడు ట్యూషన్‌లో పరిచయం, పద్దెనిమిది నిండాకే ప్రేమ" అనే కథలు మన ఊళ్ళలో బోలెడు. ఆ రెండేళ్ళూ ఏం జరిగిందో ఆ అమ్మాయి తర్వాత ఎప్పుడో నిదానంగా ఆలోచించుకుంటుంది. పెద్దవాళ్ళ మధ్య అయితే, పైఅధికారితో సంబంధం నేరం కాదు. కానీ అది చెడిన రోజున డ్యూటీ చార్టు ఆయన చేతిలోనే ఉంటుంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థల వాళ్ళు జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళవచ్చు. ఫిర్యాదుకు మామూలుగా మూడు నెలలే గడువు. చాలామంది "గొడవెందుకులే" అనుకుంటూ ఆ మూడు నెలలు దాటించేస్తారు.

ఇక రాబోయే ఏళ్ళ లెక్క. ఇది పెత్తనమంత చేదుగా ఉండదు, కానీ తప్పించుకోలేం. ఆమెకు ముప్ఫై ఏళ్ళప్పుడు బిడ్డ పుడితే ఆయనకు నలభై నాలుగు. ఆయన ఒడిశా ప్రభుత్వ ఉద్యోగి అయితే అరవైకి రిటైర్మెంట్, ఆనాటికి పిల్ల పదో తరగతో ఇంటరో. అదే సరిహద్దు దాటి ఇచ్ఛాపురంలో ఆంధ్ర ప్రభుత్వ ఉద్యోగం అయితే అరవై రెండు దాకా జీతం వస్తుంది. పిల్ల చదువుకు ఆ రెండేళ్ళూ ఎంత పెద్దవో ఫీజులు కట్టేవాళ్ళకు తెలుసు. ఆరోగ్య బీమాలో కుటుంబమంతటికీ కలిపి ఫ్లోటర్ పాలసీ తీసుకుంటే, ప్రీమియం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ వయసును బట్టి వేస్తారు. కాబట్టి ఇలాంటి జంటలు విడివిడి పాలసీల ధర కూడా కనుక్కోవడం మంచిది. పిల్లలు ఆలస్యమైతే, ఐవీఎఫ్ లాంటి చికిత్సలకు 2021 చట్టం ఆడవాళ్ళకు యాభై, మగవాళ్ళకు యాభై అయిదు దాటకూడదని హద్దు పెట్టింది. దత్తత తీసుకోవాలంటే దంపతులిద్దరి వయసులూ కూడి చూస్తారు. రెండేళ్ళ లోపు బిడ్డ కోసం ఆ మొత్తం 85 మించకూడదు. మనం ఊహించుకున్న జంట ఆ హద్దు తాకేసరికి ఆమెకు ముప్ఫై అయిదు దాటి కొన్ని నెలలే అవుతాయి. "ఇప్పుడే తొందరేముంది" అని ఆమె స్నేహితురాళ్ళు అనుకునే వయసు అది.

తర్వాత వచ్చేది సేవ. దిలీప్ కుమార్, సైరా బానుల పెళ్ళి 1966లో జరిగింది, తేడా ఇరవై రెండేళ్ళు. 2021లో తొంభై ఎనిమిదేళ్ళ వయసులో ఆయన పోయేదాకా ఆమే చూసుకుంది. దేశమంతా ముచ్చటగా చెప్పుకునే జంట అది. మన ఇళ్ళలో అలా చూసుకోవాల్సి వచ్చే భార్యకు నర్సులుండరు, వంటమనిషి ఉండదు, పైగా అప్పటికి ఆమె తల్లిదండ్రులకూ ముసలితనం వచ్చేసి ఉంటుంది. ప్రేమించకూడదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇదంతా ముందే తెలిసి ఒప్పుకున్న మనిషికి, తెలియక చిక్కుకున్న మనిషికి ఆ రోజు వచ్చినప్పుడు చాలా తేడా ఉంటుందని మాత్రం చెప్పగలను.

ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషికి వెనక ఒక జీవితం ఉండే అవకాశం ఎక్కువ. భార్య పోయినవాడు కావచ్చు, విడిపోయినవాడు కావచ్చు, "విడిపోయినట్టే" అని చెప్పేవాడు కావచ్చు. ఈ మూడోవాడి దగ్గరే చిక్కు. పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకులను హిందూ వివాహ చట్టం మామూలుగా ఒప్పుకోదు. కులంలో అలాంటి ఆచారం పాతకాలం నుంచి ఉందని రుజువు చేయగలిగితేనే చెల్లుతాయి. కోర్టు డిక్రీ వచ్చాక కూడా అప్పీలు గడువు, అంటే తొంభై రోజులు, దాటాలి. మొదటి పెళ్ళి బతికుండగా చేసుకున్న రెండో పెళ్ళి అసలు పెళ్ళే కాదు. పుట్టిన పిల్లలకు చట్టం హక్కు ఇస్తుంది, ఆమెకు భార్య హోదా ఇవ్వదు. పెళ్ళి లేకుండా కలిసి ఉంటున్నవాళ్ళకు కూడా 2005 గృహహింస చట్టం కొంత రక్షణ ఇస్తుంది. కానీ ఇద్దరూ పెళ్ళికి అర్హులై ఉండాలని 2010లో సుప్రీంకోర్టు షరతు పెట్టింది. ఆయనకు భార్య ఉందంటే ఆ తలుపు కూడా దాదాపు మూసుకున్నట్టే. కేసు పెట్టింది పర్లాకిమిడిలోనో, శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో అయినా, ఈ-కోర్ట్స్ సైటులో జిల్లా ఎంచుకుని పార్టీ పేరుతో వెతికితే కేసు ఏ దశలో ఉందో కనిపిస్తుంది. అడగడానికి మొహమాటమైతే ముందు అది చూసుకోండి. తర్వాత డిక్రీ కాపీ కూడా అడగండి. నిజాయితీగల మనిషి దానికి బాధపడడు.

ఇంతవరకూ మగవాడు పెద్దయిన సంగతే మాట్లాడాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ అదే. ఆడది పెద్దయితే? మహేశ్ బాబు కంటే నమ్రత మూడేళ్ళకు పైగా పెద్ద. సచిన్ కంటే అంజలి అయిదేళ్ళకు పైగా పెద్ద. వాళ్ళ ఫోటోలకు లైకులు కొట్టే ఇంట్లోనే కొడుకు రెండేళ్ళు పెద్దయిన కొలీగును ఇష్టపడ్డాడంటే జాతకాలు బయటికొస్తాయి. ఇక్కడ వయసు ఒక సాకు, నా అనుమానం అదే. వంట చేతగాని కోడలినైనా ఒప్పుకుంటారు గానీ, ఎదురు మాట్లాడగల వయసున్న కోడలంటే భయం. ఇందులో నిజంగా ఆలోచించాల్సింది ఒకటి ఉంది. పిల్లలు కావాలనుకుంటే తొందరపడాల్సింది ఆమె, అబ్బాయికి ఆ తొందర ఒంటికి తెలియదు. ఇరవై ఏడేళ్ళవాడు "ఇంకో మూడేళ్ళు చూద్దాం" అన్నంత తేలిగ్గా ముప్ఫై అయిదేళ్ళ ఆమె అనలేదు. పెత్తనం ప్రశ్న కూడా ఇక్కడ తిరగబడవచ్చు. ఉద్యోగం లేని కుర్రాడు, జీతమున్న పెద్దావిడ అయితే, పైన అమ్మాయిని అడగమన్న ప్రశ్నలన్నీ ఆ అబ్బాయి అడుక్కోవాలి. మన దగ్గర మగపిల్లలకు ఆ అలవాటు లేదు. అడిగితే నవ్వుతారనుకుంటారు.

ఆస్తి మాట ఎత్తితే ప్రేమకు అవమానమనుకుంటారు గానీ, వయసు తేడా ఉన్న పెళ్ళిలో ఇది తప్పించుకునే విషయం కాదు. వీలునామా లేకుండా భర్త పోతే, ఆయన సొంత ఆస్తిలో భార్యకు, మొదటి పెళ్ళి పిల్లలతో సహా పిల్లలందరికీ, బతికుంటే ఆయన తల్లికీ సమానంగా తలా ఒక వాటా. ఆయన మొదటి పెళ్ళి కొడుక్కి ఇప్పుడు పదమూడేళ్ళయితే, ఆ రోజుకు వాడు పెద్దవాడై ఎదురుగా నిలబడతాడు. బ్యాంకు డిపాజిట్‌కు నామినీగా మీ పేరుంటే డబ్బు మీ చేతికి ఇస్తారు, కానీ అది వారసులందరిదీ. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్యను నామినీగా రాస్తే ఆ డబ్బు ఆమెదే. పెన్షన్ సంగతి ఇంకా చిత్రం. పాత పెన్షన్ ఉన్న కేంద్ర ఉద్యోగి, రైల్వే ఉద్యోగి రిటైరయ్యాక పెళ్ళి చేసుకున్నా ఆ భార్యకు కుటుంబ పెన్షన్ వస్తుంది. 2004 జనవరి 1 తర్వాత చేరిన చాలామంది ఎన్‌పీఎస్ అనే కొత్త పెన్షన్ పథకంలో ఉంటారు, వాళ్ళ లెక్క వేరు. ముప్ఫై ఎనిమిదేళ్ళాయన కచ్చితంగా ఆ తర్వాత చేరినవాడే.

చివరికి ఇంట్లో చెప్పాలి. కులం, భాష కూడా వేరైతే చాలామంది 1954 ప్రత్యేక వివాహ చట్టం వైపు చూస్తారు. ఇద్దరిలో ఒకరైనా అంతకుముందు ముప్ఫై రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసు ఆఫీసు గోడకు అతికించాక ఇంకో ముప్ఫై రోజులు ఆగాలి. బరంపురం లాంటి ఊళ్ళో ఆ నోటీసు గోడ మీదికి ఎక్కిన సాయంత్రానికే పిన్నికి ఫోన్ వెళ్తుంది. కాబట్టి ముందే మీ నోటితో చెప్పడం నయం. ఇద్దరూ పెళ్ళి వయసు దాటినవాళ్ళయితే ఎవరి అనుమతీ అక్కర్లేదని, బెదిరిస్తే పోలీసులు రక్షణ ఇవ్వాలని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది అవసరమైతే వాడుకోవడానికి ఉంది. కానీ అమ్మ దగ్గర మొదటి మాటగా కోర్టు తీర్పు ఎత్తకండి.

అమ్మ "ముసలాడు" అంటుంది. దానికి "నలభై కూడా నిండలేదమ్మా" అని జవాబిస్తే గొడవ వయసు దగ్గరే తిరుగుతుంది. ఆయన మొదటి పెళ్ళి డిక్రీ తేదీ, ఇల్లు ఎవరి పేరున ఉంది, నీ జీతం నీ చేతిలోనే ఉంటుందా, ఆయన తల్లిని ఎవరు చూస్తారు, ఆయనకు బీపీ షుగరూ ఉన్నాయా, ఈ అయిదింటికీ మీ దగ్గర జవాబులుంటే ముందు అవి చెప్పండి. వాటిల్లో రెండింటికి మీకే జవాబు తెలియకపోతే, అమ్మ కంటే ముందు ఆయన్ను అడగాల్సినవి అవే. ఆ తర్వాత ఆయన్ను ఒక ఆదివారం ఇంటికి రమ్మనండి. ఒక్కడే కాకుండా వాళ్ళ అక్కనో, చిన్నాన్ననో వెంటబెట్టుకుని రావాలి. ఆయన్ను ఎరిగినవాళ్ళు ఎవరో మీ నాన్నగారు చూడాలనుకుంటారు.